మన శరీరం, మన భూమి: తరచుగా అడిగే ప్రశ్నలు

6, 7, 8 తరగతుల పిల్లలు, వాళ్లకు పాఠం చెప్పే పెద్దలు పదేపదే అడిగే ప్రశ్నలివి. వీటి వెనకున్న అపోహల్లో చాలావాటికి మూలం పాఠ్యపుస్తకంలోని బొమ్మే. గీసినవాళ్లు తప్పు చేశారని కాదు. అర్థం కావాలని కొన్నిటిని పెద్దవి చేస్తారు, కొన్నిటికి లేని రంగు వేస్తారు, కొన్నిటిని వదిలేస్తారు. ఆ మాట ఎవరూ విడమరిచి చెప్పకపోతే పిల్లలు రంగునే నిజమనుకుంటారు. అందుకే బొమ్మలో ఏది ఉన్నది ఉన్నట్టు గీశారో, ఏది వీలు కోసం గీశారో అవసరమైన చోటల్లా చెప్పాం. ప్రయోగాలకు కొలతలు ఇచ్చాం, అవి ఎక్కడ బెడిసికొడతాయో కూడా రాశాం.

సిరల్లో రక్తం నిజంగా నీలంగా ఉంటుందా?

ఉండదు. ఒంట్లో ఎక్కడున్నా రక్తం ఎరుపే. ఆక్సిజన్ నిండుగా ఉంటే మెరిసే ఎరుపు, తగ్గితే ముదురు ఎరుపు. రక్తపరీక్షకు సిర నుంచే రక్తం తీస్తారు. సిరంజిలోకి వచ్చేది ముదురు ఎరుపు ద్రవమే కదా. చర్మం కింద సిర నీలంగా కనబడటానికి కారణం కాంతి. ఎరుపు కాంతి చర్మంలో లోతుకు దిగి, సిరలోని రక్తం దగ్గర చాలావరకు ఇంకిపోతుంది. నీలం కాంతి అంత లోతుకు పోకుండానే వెనక్కి చెదిరి వస్తుంది. చుట్టూ ఉన్న చర్మంతో పోలిస్తే అక్కడి నుంచి మన కంటికి చేరే ఎరుపు తగ్గుతుంది కాబట్టి ఆ గీత నీలంగా తోస్తుంది. పుస్తకంలో నీలం రంగు వేసేది ఏ గొట్టంలో ఏ రక్తం పోతోందో గుర్తుపట్టడానికి మాత్రమే.

ధమనుల్లో ఎప్పుడూ ఆక్సిజన్ ఉన్న రక్తమే ఉంటుందని రాస్తే మార్కు ఎందుకు పోయింది?

ధమని, సిర అన్న పేర్లు రక్తం వెళ్లే దిక్కును బట్టి పెట్టినవి, ఆక్సిజన్‌ను బట్టి కాదు. గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది ధమని, గుండెకు తీసుకొచ్చేది సిర. కుడి జఠరిక (గుండె కింది గది) నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమనిలో ఆక్సిజన్ తక్కువున్న రక్తం ఉంటుంది. ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు (గుండె పైగదికి) వచ్చే పుపుస సిరల్లో ఆక్సిజన్ నిండిన రక్తం ఉంటుంది. నిర్వచనం దిక్కుతో మొదలుపెట్టి రాస్తే ఈ తప్పు జరగదు.

గుండె బొమ్మలో ఎడమ అని రాసింది కుడివైపు ఉంటుందేం?

మనకు ఎదురుగా నిలబడ్డ మనిషి గుండెను గీస్తారు కాబట్టి. అతని ఎడమ మనకు కుడివైపు వస్తుంది. పుస్తకాన్ని బొమ్మ బయటికి కనిపించేలా ఛాతీకి ఆనించి పట్టుకుంటే బొమ్మలోని ఎడమ, మీ ఎడమ ఒకే వైపు వస్తాయి.

గుండె పూర్తిగా ఎడమవైపే ఉండదు. ఛాతీ మధ్యలో, రొమ్ము ఎముక వెనక ఉండి, కింది కొన మాత్రం ఎడమకు వాలి ఉంటుంది. కొట్టుకోవడం అక్కడ బాగా తెలుస్తుంది కాబట్టి గుండె మొత్తం అక్కడే ఉందనిపిస్తుంది. బొమ్మ గీసేటప్పుడు ఎడమ జఠరిక గోడను కుడిదాని కన్నా స్పష్టంగా మందంగా గీయండి. కుడి జఠరిక పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు నెడితే చాలు. ఎడమది తల నుంచి కాలివేళ్ల దాకా నెట్టాలి.

నాడి లెక్కపెడితే ప్రతిసారీ వేరే అంకె వస్తోంది. ఎలా కొలవాలి?

అరచేతిని పైకి పెట్టి, బొటనవేలి వైపు మణికట్టు మీద చూపుడువేలు, మధ్యవేలు మెల్లగా ఆనించండి. బొటనవేలితో చూడకూడదు, దానిలోనూ నాడి బలంగా కొట్టుకుంటుంది కాబట్టి మీదే మీరు లెక్కపెట్టుకునే ప్రమాదం ఉంది. గట్టిగా నొక్కితే ధమని మూసుకుపోయి ఏమీ తెలియదు.

అయిదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టండి. 15 సెకన్లు లెక్కించి నాలుగుతో గుణించే పద్ధతిలో ఒక్క దెబ్బ తప్పినా జవాబులో నాలుగు తేడా వస్తుంది. అయితే పరుగెత్తి వచ్చిన వెంటనే కొలిచేటప్పుడు ఆ 15 సెకన్ల పద్ధతే నయం, ఎందుకంటే ఆగిన క్షణం నుంచే నాడి తగ్గడం మొదలవుతుంది. నిమిషమంతా లెక్కపెడితే ఎక్కువా తక్కువా కలిసిపోయిన సగటు వస్తుంది. విశ్రాంతిలో ఉన్న పెద్దవాళ్లకు నిమిషానికి 60 నుంచి 100 మామూలు, పిల్లలకు కొంచెం ఎక్కువే ఉంటుంది. పెద్దవాళ్ల ఒంట్లో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. విశ్రాంతిలో గుండె నిమిషానికి నెట్టేదీ సుమారు అంతే.

మనం పీల్చేది ఆక్సిజన్, వదిలేది కార్బన్ డయాక్సైడ్. అంతేనా?

అలా రాయడం చాలా పుస్తకాల్లో అలవాటైపోయింది గానీ, అది సగం నిజం. మనం పీల్చేది గాలి. అందులో నైట్రోజన్ 78 శాతం, ఆక్సిజన్ 21 శాతం, ఆర్గాన్ దాదాపు 0.9 శాతం, కార్బన్ డయాక్సైడ్ సుమారు 0.04 శాతం. వదిలే గాలిలో ఆక్సిజన్ ఇంకా 16 శాతం దాకా మిగిలే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ 4 శాతం దగ్గరికి చేరుతుంది. నైట్రోజన్ వచ్చినంతా తిరిగి వెళ్లిపోతుంది. ఊపిరాడని మనిషికి నోటి ద్వారా గాలి ఊదితే ఉపయోగపడేది ఆ మిగిలిన 16 శాతం ఆక్సిజన్ వల్లనే. మనం వదిలేది మొత్తం కార్బన్ డయాక్సైడే అయితే ఆ పద్ధతి పనిచేసేదే కాదు.

సున్నపుతేట ప్రయోగంలో ముందు పాలలా తెల్లబడి, తర్వాత మళ్లీ తేటగా మారింది. తప్పు చేశామా?

తప్పు లేదు, ఎక్కువసేపు ఊదారంతే. కార్బన్ డయాక్సైడ్ కలవగానే కాల్షియం కార్బొనేట్ అనే కరగని తెల్లపొడి ఏర్పడుతుంది. ఇంకా ఊదుతూ పోతే అది నీటిలో కరిగే కాల్షియం బైకార్బొనేట్‌గా మారి ద్రవం తేటబడుతుంది. తెల్లబడగానే ఆపి నమోదు చేయండి.

సున్నపుతేట చేసుకోవాలంటే లీటరు నీటిలో 2 గ్రాముల కాల్షియం హైడ్రాక్సైడ్ వేసి బాగా కలిపి, మూతపెట్టి రాత్రంతా కదపకుండా ఉంచి, పైనున్న తేటను వడగట్టుకోవాలి. లీటరుకు కరిగేది 2 గ్రాముల కన్నా తక్కువే కాబట్టి అడుగున కొంత మిగలడం సహజం. సీసా తెరిచి వదిలేస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌కే పైన తెల్లటి పొర కడుతుంది, ప్రయోగం రోజున పనిచేయదు. ఇది క్షారం, కళ్లలో పడకూడదు, స్ట్రాతో పొరపాటున కూడా పైకి పీల్చకూడదు. స్ట్రాకు పైభాగంలో చిన్న బెజ్జం పెడితే పీల్చినా ద్రవం పైకి రాదు.

చాలామంది వదిలేసే రెండో గొట్టమే ఈ ప్రయోగానికి ప్రాణం. ఒకదానిలో ఊదండి. రెండోదానిలోకి సిరంజితో గదిలోని గాలిని నెట్టండి. గది గాలితో తెల్లబడటానికి చాలా ఎక్కువసేపు పడుతుంది. ఆ తేడా చూపకపోతే ‘ఊదిన గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ’ అని చెప్పే హక్కు మీకు రాదు.

గాలి లోపలికి వస్తే ఊపిరితిత్తులు ఉబ్బుతాయా, ఊపిరితిత్తులు సాగితే గాలి వస్తుందా?

రెండోది సరైనది. ఉదరవితానం అనే గొడుగు ఆకారపు కండరం సంకోచించి కిందికి దిగుతుంది, పక్కటెముకలు పైకీ బయటికీ జరుగుతాయి. ఛాతీ లోపలి చోటు పెరుగుతుంది, అక్కడి పీడనం బయటి గాలి పీడనం కన్నా తగ్గుతుంది, అప్పుడు గాలి లోపలికి వస్తుంది. వదిలేటప్పుడు ఇదే వరుస తిరగబడుతుంది. ఊపిరితిత్తుల్లో సొంత కండరాలేవీ వాటిని సాగదీయవు.

దీన్ని చూపడానికి లీటరు ప్లాస్టిక్ సీసా అడుగు కోసేయండి. మూతకు బెజ్జం చేసి స్ట్రా దూర్చి, లోపలి కొనకు చిన్న బెలూన్ కట్టండి. అడుగున పెద్ద బెలూన్‌ను కోసి తీసిన రబ్బరును బిగుతుగా సాగదీసి టేపు వేయండి. రబ్బరును కిందికి లాగితే లోపలి బెలూన్ నిండాలి. నిండకపోతే దాదాపు ఎప్పుడూ మూత దగ్గరే గాలి కారుతూ ఉంటుంది, స్ట్రా చుట్టూ బంకమట్టి పెట్టి చూడండి. సీసా మరీ పల్చనిదైతే రబ్బరు లాగినప్పుడు పక్కలు లోపలికి నొక్కుకుపోతాయి, గట్టి సీసా తీసుకోవాలి. ఈ నమూనా కూడా పూర్తి నిజం కాదని చెప్పడం మరవకండి. పక్కటెముకలు కదిలినట్టు సీసా గోడ కదలదు. బెలూన్ చుట్టూ ఖాళీ ఉన్నట్టు మన ఊపిరితిత్తుల చుట్టూ ఉండదు, పల్చటి ద్రవపు పొరతో అవి ఛాతీ గోడను ఆనుకునే ఉంటాయి.

జీర్ణక్రియ జీర్ణాశయంలో మొదలవుతుందా?

నోట్లో మొదలవుతుంది. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొట్టడం అక్కడే మొదలుపెడుతుంది. జీర్ణాశయంలో ఆమ్లం, పెప్సిన్ అనే ఎంజైము కలిసి ప్రోటీన్ల పని పడతాయి. పని చాలావరకు పూర్తయ్యేది, పోషకాలు రక్తంలోకి చేరేది చిన్నపేగులో. దాదాపు 6 మీటర్ల పొడవున్న ఆ పేగు లోపలి గోడ నిండా ఆంత్రచూషకాలు అనే వేళ్లలాంటి సన్నటి మొనలు ఉండటం వల్లనే పీల్చుకునే వైశాల్యం అంతగా పెరుగుతుంది. పెద్దపేగు పొడవు సుమారు 1.5 మీటర్లే, పేరులోని ‘పెద్ద’ వెడల్పును బట్టి వచ్చింది.

పరీక్షల్లో ఎక్కువగా తప్పు పోయేది పిత్తరసం దగ్గర. అది తయారయ్యేది కాలేయంలో, నిల్వ ఉండేది పిత్తాశయంలో, పనిచేసేది చిన్నపేగులో. దానిలో జీర్ణం చేసే ఎంజైములు లేవు. కొవ్వును సన్నటి బిందువులుగా చెదరగొట్టి క్లోమరసంలోని లైపేజ్ అనే కొవ్వును విడగొట్టే ఎంజైముకు పని సులువు చేస్తుంది.

లాలాజలం, అయోడిన్ ప్రయోగం మాకు కుదరడం లేదు.

కొలతలు సరిచూసుకోండి. 1 గ్రాము స్టార్చ్‌ను కొంచెం చల్లటి నీటిలో కలిపి, 100 మి.లీ. మరిగే నీటిలో పోసి కలియబెట్టి, పూర్తిగా చల్లారనివ్వండి. నోరు పుక్కిలించుకున్నాక లాలాజలం తీసుకోండి. ఒక గొట్టంలో 5 మి.లీ. స్టార్చ్, 1 మి.లీ. లాలాజలం. రెండోదానిలో 5 మి.లీ. స్టార్చ్, 1 మి.లీ. నీళ్లు. రెండూ 37 డిగ్రీల గోరువెచ్చని నీటిలో నిలబెట్టండి. తెల్లటి టైల్ మీద అయోడిన్ చుక్కలు వరుసగా పెట్టి, రెండు నిమిషాలకోసారి ఒక్కో గొట్టం నుంచి ఒక్కో చుక్క తీసి వాటిలో కలపండి. నీళ్లు కలిపిన గొట్టం చుక్కలు చివరిదాకా నీలి నలుపుగానే వస్తాయి. లాలాజలం గొట్టం చుక్కలు క్రమంగా అయోడిన్ సొంత రంగైన గోధుమ పసుపులో ఆగిపోతాయి.

కుదరకపోవడానికి కారణాలు ఇవి. స్టార్చ్ వేడిగా ఉండగానే లాలాజలం కలిపితే ఎంజైము చెడిపోతుంది, తర్వాత చల్లార్చినా తిరిగి రాదు. స్టార్చ్ చిక్కగా ఉంటే విరగడానికి చాలాసేపు పడుతుంది. అయోడిన్‌ను నేరుగా గొట్టంలో పోస్తే మార్పు క్రమం చూడటం కుదరదు. ఒకరికి రెండు నిమిషాల్లో రంగు పోతే ఇంకొకరికి ఇరవై పట్టవచ్చు, లాలాజలంలో అమైలేజ్ మోతాదు మనిషి మనిషికీ మారుతుంది. ఎవరి లాలాజలం వాళ్లే వాడాలి, వాళ్లే గొట్టం కడగాలి.

పుట్టినప్పుడు ఎముకలు ఎక్కువ, పెద్దయ్యాక తక్కువ అంటారు. మిగతావి ఎటు పోతాయి?

ఎటూ పోవు, కలిసిపోతాయి. పుట్టినప్పుడు దాదాపు 300 ఎముక భాగాలు విడివిడిగా ఉంటాయి. పుర్రె పలకలు, వెన్ను చివరి పూసలు వంటివి పెరిగే కొద్దీ అతుక్కుని పెద్దయ్యేసరికి 206 మిగులుతాయి.

కండరాలు తోయగలవా?

తోయలేవు. కండరం పొట్టిదై లాగుతుంది, పని అయ్యాక సడలుతుంది. అందుకే అవి జంటగా ఉంటాయి. మోచేయి మడవడానికి బైసెప్స్ లాగుతుంది, చాపడానికి వెనకున్న ట్రైసెప్స్ లాగుతుంది. మీరు గోడను తోసేటప్పుడు కూడా లోపల జరిగేది ట్రైసెప్స్ ముంజేయి ఎముకను లాగడమే.

స్కేలు పట్టుకునే ఆటతో ప్రతిస్పందన సమయం ఎలా లెక్కిస్తారు?

30 సెం.మీ. స్కేలును ఒకరు పైకొన పట్టుకుని నిలువుగా వేలాడదీయాలి. రెండోవాళ్లు బొటనవేలు, చూపుడువేలు మధ్య 2 సెం.మీ. ఎడం ఉంచి, సున్నా గీత వేళ్ల పైఅంచుకు సరిగ్గా వచ్చేలా చెయ్యి పెట్టాలి. చెప్పకుండా వదిలేయాలి. పట్టుకున్నాక అదే పైఅంచు దగ్గర అంకె చదవాలి. 10 సెం.మీ. పడితే సమయం సుమారు 0.14 సెకను, 15కు 0.17, 20కి 0.20, 25కు 0.23. పడే వస్తువు వేగం పెరుగుతూ పోతుంది కాబట్టి దూరం రెట్టింపైతే సమయం రెట్టింపు కాదు. పిల్లలు నేరుగా దూరాన్నే సమయంగా పోల్చేస్తారు, అక్కడ ఆపి ఇది చెప్పాలి.

వదిలేవాళ్లు ప్రతిసారీ ఒకే వ్యవధి పాటిస్తే పట్టుకునేవాళ్లు ముందే ఊహించేస్తారు. అయిదు సెం.మీ. కన్నా తక్కువ వస్తే అది ఊహే, ఆ కొలత కొట్టేయండి. పదిసార్లు చేసి సగటు తీయండి. ఇది అసంకల్పిత ప్రతీకార చర్య కాదు. కన్ను చూసి, మెదడు నిర్ణయించి, చేతికి ఆదేశం వెళుతుంది. వేడి వస్తువు తగలగానే చెయ్యి వెనక్కి తీయడం వెన్నుపాము నడిపించే చర్య, నొప్పి మెదడుకు తెలిసేది ఆ తర్వాతే.

మెదడులో 10 శాతమే వాడతామంటారు, నాలుక కొనలోనే తీపి తెలుస్తుందంటారు. నిజమేనా?

రెండూ తప్పే. మెదడులో అన్ని భాగాలకూ పని ఉంది. శరీరం బరువులో 2 శాతం ఉండే మెదడు, విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తిలో 20 శాతం దాకా వాడుకుంటుంది. నాలుక మీద రుచి మొగ్గలున్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి. నాలుకను భాగాలుగా పంచి చూపే బొమ్మ పుస్తకంలో కనబడితే దాన్ని నమ్మకండి.

మూత్రపిండాలు రోజుకు 180 లీటర్లు వడగడతాయట. అంత నీరు మన ఒంట్లో లేదు కదా?

లేదు. ఒకే ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) మళ్లీ మళ్లీ వడపోతకు వస్తుంది. ఒంట్లో ఉన్న ప్లాస్మా 3 లీటర్లే అనుకుంటే రోజుకు 60 సార్లు తిరిగి వచ్చినట్టు. వడగట్టిన దానిలో 99 శాతం నీటిని నెఫ్రాన్లు (మూత్రపిండంలోని సన్నటి వడపోత గొట్టాలు) తిరిగి రక్తంలోకి పీల్చేస్తాయి, 1 నుంచి 2 లీటర్లు మూత్రంగా బయటికి వస్తుంది. వడపోత అన్న మాట ఒక్కటే నేర్పితే ఈ తిరిగి పీల్చుకోవడం మరుగున పడుతుంది. శరీరానికి ఏది ఎంత కావాలో తేల్చే సున్నితమైన పని అక్కడే జరుగుతుంది.

భూమి లోపలంతా కరిగిన లావాయేనా?

కాదు. భూమి పాఠంలో అన్నిటికన్నా గట్టిగా పాతుకుపోయిన అపోహ ఇదే, కారణం మళ్లీ బొమ్మే. భూప్రావారానికి, అంటే పైపెంకుకూ కేంద్రకానికీ మధ్య ఉన్న మందపాటి పొరకు, నారింజ రంగు పూయగానే అది కరిగిన ద్రవం అనిపిస్తుంది. నిజానికి అది ఘనశిల. వేడికీ ఒత్తిడికీ ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున అతి నెమ్మదిగా సాగి పారుతుంది, అంతే. శిల కరిగి మాగ్మా అయ్యేది కొన్ని ప్రత్యేక చోట్ల, కొద్ది భాగం మాత్రమే. పూర్తిగా ద్రవంగా ఉన్న పొర ఒక్కటే. అది 2,900 కి.మీ. లోతు నుంచి సుమారు 5,150 కి.మీ. దాకా ఉన్న బాహ్య కేంద్రకం, ఎక్కువగా ఇనుము, కొంత నికెల్. దాని కింది అంతర కేంద్రకం ఇంకా వేడిది, 5,000 డిగ్రీలు దాటుతుంది. అయినా పైనున్న ఒత్తిడి వల్ల ఘనంగానే ఉంది.

నోటుపుస్తకంలో కొలత ప్రకారం గీయాలంటే 1 మి.మీ.కు 100 కి.మీ. తీసుకోండి. 6.4 సెం.మీ. వ్యాసార్ధంతో ఒక వృత్తం, లోపల 3.5 సెం.మీ.తో ఇంకొకటి, మధ్యలో 1.2 సెం.మీ.తో మూడోది. భూపటలానికి, అంటే భూమి పైపెంకుకు, విడిగా గీత అక్కర్లేదు. ఖండాల కింద 30 నుంచి 70 కి.మీ., సముద్రాల కింద సుమారు 7 కి.మీ. మందమే కాబట్టి బయటి పెన్సిల్ గీత మందమే దానికి సరిపోతుంది. పుస్తకంలో అది వేలెడు మందాన కనబడటం పేర్లు రాయడానికి చోటు కోసం.

అంత లోతుకు ఎవరూ వెళ్లలేదు కదా, ఎలా తెలిసింది?

తవ్వి కాదు. మనిషి నిలువుగా వేసిన అతి లోతైన బోరు రష్యాలోని కోలా ద్వీపకల్పంలో ఉంది. 1989 నాటికి 12,262 మీటర్లు దిగింది, అక్కడి వేడి 180 డిగ్రీలు. 6,371 కి.మీ. వ్యాసార్ధంలో అది 0.2 శాతం కూడా కాదు. సమాచారమంతా భూకంప తరంగాలు మోసుకొచ్చిందే. వాటిలో రెండోవిగా చేరే ద్వితీయ తరంగాలు ద్రవంలోంచి పోలేవు. భూకంపం వచ్చిన చోటికి అవతలి వైపున్న యంత్రాల్లో అవి నమోదు కాకపోవడంతో లోపల ద్రవపు పొర ఉందని తేలింది. ముందుగా చేరే ప్రాథమిక తరంగాలు ఉండకూడని చోట బలహీనంగా కనబడటాన్ని పట్టుకుని, ఆ ద్రవం మధ్యలో వేరే కేంద్రకం ఉందని డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగె లేమన్ 1936లో చూపించారు.

భూకంపాల పరిమాణం చెప్పే రిక్టర్ స్కేలు మీద 6 వస్తే 5 కన్నా కొంచెమే పెద్దదా?

కొంచెం కాదు. పరిమాణం ఒకటి పెరిగితే నేల కదలిక 10 రెట్లు, విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. రెండు పెరిగితే శక్తి 1,000 రెట్లు. ఒక భూకంపానికి పరిమాణం ఒకటే ఉంటుంది. తీవ్రత, అంటే ఒక చోట కుదుపు ఎంత గట్టిగా తెలిసిందన్నది, మాత్రం లోతు, దూరం, నేల స్వభావాన్ని బట్టి ఊరూరికీ మారుతుంది. వార్తల్లో ఈ రెండింటినీ తరచూ కలిపేస్తారు.

సూర్యుడికి దగ్గరైనప్పుడు వేసవి, దూరమైనప్పుడు చలికాలమా?

అలా అయితే భూమంతటా ఒకేసారి వేసవి రావాలి. ఉత్తరార్ధగోళంలో చలికాలం నడిచే జనవరి మొదట్లోనే భూమి సూర్యుడికి అతి దగ్గరగా, సుమారు 14.7 కోట్ల కి.మీ. దూరంలో ఉంటుంది. జూలై మొదట్లో 15.2 కోట్ల కి.మీ. దూరాన ఉంటుంది. రుతువులకు కారణం భూమి అక్షం 23.5 డిగ్రీలు వాలి ఉండటం, ఏడాది పొడవునా ఆ వాలు ఒకే దిక్కుకు చూస్తూ ఉండటం. ఒక అర్ధగోళం సూర్యుడి వైపు వాలినప్పుడు అక్కడ కిరణాలు నిటారుకు దగ్గరగా పడతాయి, పగలు ఎక్కువసేపు ఉంటుంది. వాలు వల్ల ఆ అర్ధగోళం దగ్గరకు జరిగిందని కొందరు రాస్తారు. ఆ తేడా కొన్ని వేల కి.మీ. మాత్రమే, 15 కోట్లలో అది లెక్కలోకి రాదు.

భూకక్ష్యను 10 సెం.మీ. వ్యాసార్ధంతో గీస్తే మామూలు వృత్తానికీ దానికీ తేడా కంటికి కనబడదు. సూర్యుణ్ని కేంద్రం నుంచి 1.7 మి.మీ. పక్కకు జరిపితే సరిపోతుంది. పుస్తకంలోని సాగదీసిన దీర్ఘవృత్తం పక్కనుంచి చూస్తున్నట్టు గీసింది.

ప్రయోగంగా చూడాలంటే చీకటి గదిలో గళ్ల కాగితం మీద టార్చిని 20 సెం.మీ. ఎత్తు నుంచి నిటారుగా వేసి, వెలుగు పడ్డ గళ్లు లెక్కించండి. టార్చి కదపకుండా, వెలుగు మధ్యభాగం దూరం మారకుండా, కాంతి 30 డిగ్రీల కోణంలో పడేలా కాగితాన్ని వాల్చండి. గళ్లు దాదాపు రెట్టింపు లేదా కాస్త పైన వస్తాయి. అదే వెలుగు రెట్టింపు చోటుకు పంచుకుంటే ఒక్కో గడికి సగమే అందుతుంది. కాగితం టార్చికి దగ్గరో దూరమో జరిగిందంటే లెక్క పాడవుతుంది, పైగా పిల్లలకు మళ్లీ దూరమే కారణమన్న తప్పు అర్థం మిగులుతుంది.

భూమి తన చుట్టూ తిరగడానికి 24 గంటలేనా?

నక్షత్రాలతో పోల్చి చూస్తే ఒక చుట్టుకు 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు. ఈలోగా భూమి కక్ష్యలో దాదాపు ఒక డిగ్రీ ముందుకు జరుగుతుంది. సూర్యుడు మళ్లీ నడినెత్తిన రావాలంటే ఇంకో నాలుగు నిమిషాలు తిరగాలి, అప్పుడు 24 గంటలు. ఏడాదికి 365.2422 రోజులు కాబట్టి నాలుగేళ్లకోసారి లీపు సంవత్సరం వస్తుంది. నాలుగో వంతు కన్నా కాస్త తక్కువుండటం వల్ల 1900 లీపు కాలేదు. 400తో భాగించబడే 2000 అయింది.

చంద్రుడి మీద భూమి నీడ పడటం వల్లనే చంద్రకళలు వస్తాయా?

భూమి నీడ పడితే అది చంద్రగ్రహణం, పౌర్ణమి నాడు మాత్రమే జరిగేది. చంద్రుడిలో సగభాగానికి ఎప్పుడూ సూర్యకాంతి పడుతూనే ఉంటుంది (గ్రహణ సమయం తప్ప). ఆ వెలుగు సగంలో మనకు ఎంత కనబడుతుందో అదే ఆ రోజు కళ. చీకటి గదిలో బల్బు పెట్టి, పుల్లకు గుచ్చిన తెల్లటి బంతిని చేయి చాచి పట్టుకుని, నిలబడ్డ చోటే ఎడమకు నెమ్మదిగా తిరగండి. అన్ని కళలూ వరుసగా కనబడతాయి. బల్బుకు వీపు పెట్టినప్పుడు బంతి మీద మీ తల నీడ పడితే బంతిని కాస్త పైకెత్తండి. చంద్రుడి కక్ష్య సుమారు 5 డిగ్రీలు వాలి ఉండటం వల్ల నెలనెలా గ్రహణం ఎందుకు రాదో ఆ ఎత్తడంలోనే తెలిసిపోతుంది. చంద్రుడు భూమి చుట్టూ తిరగడానికి 27.3 రోజులు పడుతుంది. ఒక పౌర్ణమి నుంచి ఇంకో పౌర్ణమికి 29.5 రోజులు.

ఓజోన్ పొరకు చిల్లు పడటం వల్ల భూమి వేడెక్కుతోందా?

ఇవి రెండు వేరు సమస్యలు. ఎక్కువగా 15 నుంచి 35 కి.మీ. ఎత్తులో ఉండే ఓజోన్ అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది. దాన్ని దెబ్బతీసినవి క్లోరోఫ్లోరోకార్బన్లు, వాటిని అరికట్టడానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం జరిగింది. భూమి వేడెక్కడానికి ముఖ్య కారణం నేల నుంచి పైకి పోయే వేడిని పట్టి ఉంచే కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వంటి వాయువులు పెరగడం. వేడిని ఇలా పట్టి ఉంచే హరితగృహ ప్రభావమే లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండేది. ఉన్నందువల్ల సుమారు 15 డిగ్రీలు. ప్రభావం ఉండటం మేలే, అది హద్దు మీరి పెరగడమే ప్రమాదం.

ధ్రువాల మంచు ఎక్కడ కరిగినా సముద్రం పెరుగుతుందా?

రెండు గ్లాసుల్లో చూడండి. ఒకదానిలో నీళ్లు పోసి మంచుగడ్డలు తేలనివ్వండి. రెండోదానిలో నీటి పైకి వచ్చేంత రాయి పెట్టి, దాని మీద అన్నే గడ్డలు పెట్టండి. గడ్డలు పెట్టాక రెండిట్లోనూ నీటిమట్టం దగ్గర గీత గీయండి. ముందే గీస్తే మొదటి గ్లాసు లెక్క తప్పుతుంది. పూర్తిగా కరిగాక తేలిన మంచున్న గ్లాసులో మట్టం మారదు, రాతి మీద మంచున్న గ్లాసులో పెరుగుతుంది. గ్లాసు బయట చేరే నీటి బిందువులు గాలిలోని తేమ, లోపలి నీళ్లు కారినవి కావు. సముద్రం మీద తేలే మంచు కరిగితే మట్టం దాదాపు మారదు. గ్రీన్‌లాండ్, అంటార్కిటికా నేల మీది మంచు కరిగితే పెరుగుతుంది. నీరు వేడెక్కి వ్యాకోచించడం వల్ల కూడా సముద్రమట్టం పెరుగుతుంది, దీన్ని చాలా జవాబుల్లో మరచిపోతారు.

రక్తంలో ఇనుము, భూమి లోపలి ఇనుము ఒకటేనా? ఒకటైతే రక్తం అయస్కాంతానికి అతుక్కోదేం?

మూలకం ఒకటే. పెద్దవాళ్ల ఒంట్లో మొత్తం ఇనుము 3 నుంచి 4 గ్రాములు, ఎక్కువ భాగం హిమోగ్లోబిన్‌లో ఉంటుంది. భూమి ద్రవ్యరాశిలో దాదాపు మూడోవంతు ఇనుమే, అందులో చాలామటుకు కేంద్రకంలోకి దిగిపోయింది. హిమోగ్లోబిన్‌లో ఇనుప పరమాణువులు ఒకదానికొకటి దూరంగా, పెద్ద ప్రోటీన్ అణువులో ఒక్కొక్కటిగా బంధించి ఉంటాయి. ఇనుప మేకులో లాగా పక్కపక్కనే చేరి అన్నీ ఒకే దిక్కుకు సర్దుకునే వీలు వాటికి లేదు, అందుకే అయస్కాంతం రక్తాన్ని మేకును లాగినట్టు లాగలేదు. ఆక్సిజన్ విషయంలోనూ ఇలాంటి సందేహమే వస్తుంది. మన ఒంటి బరువులో 65 శాతం, భూపటలం బరువులో దాదాపు 46 శాతం ఆక్సిజనే. ఒంట్లో అది ఎక్కువగా నీటి రూపంలో ఉంది, రాళ్లలో సిలికాన్ వంటి మూలకాలతో గట్టిగా పెనవేసుకుని ఉంది. ఈ రెండిట్లో దేన్నీ ఊపిరితిత్తులు వాడుకోలేవు, వాయుగోణుల్లో (ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి సంచుల్లో) రక్తంలోకి చేరగలిగేది గాలిలో స్వేచ్ఛగా ఉన్న ఆక్సిజన్ మాత్రమే.